మనుషులకొక దారి, యంత్రాలకొక దారి: ఇంటి వైఫైలో తరంగాల పంపకం



నీటి సరఫరా, చెత్త వేర్పాటు, ఆస్తి పన్ను వంటి విషయాలు చర్చించే వేదికపై ఇంట్లోని వైఫై గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఈనాడు మన బీదరులో బోరు మోటారును ఫోనుతో నడిపే ఇళ్లున్నాయి. వీధి వాకిట కెమెరా పెట్టుకున్న ఇళ్లున్నాయి. పై అంతస్తులో కూర్చొని హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాల పని చేసే యువతీయువకులున్నారు. వీటన్నిటికీ ఆధారం కంటికి కనబడని తరంగాలు. ఆ తరంగాలను ఇంటిలోపల ఎలా పంచుకోవాలి, ఇరుగుపొరుగుతో ఎలా పంచుకోవాలి అన్నదే నా ప్రసంగ విషయం. పంచుకోవలసినది ఏదైనా పౌరధర్మానికి సంబంధించినదే అని నా నమ్మకం.

ముందుగా మా ఇంటి సంగతి మనవి చేస్తాను. మాది పాత ఊరిలోని ఇల్లు. కింది అంతస్తు తాతలనాటి ఎర్రరాతి కట్టడం. గోడలు రెండడుగుల మందం. పైన రెండంతస్తులు తరువాతి కాలంలో ఇటుకతో, కాంక్రీటుతో వేసినవి. ఫైబరు తీగ ముందు గదిలోకి వస్తుంది. రూటరు కూడా అక్కడే ఉండేది. వెనుక గదిలో మా అమ్మగారు ఉంటారు. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. రాత్రివేళ ఆమె మంచం దిగితే మా ఫోన్లు మోగేటట్లు ఆ గదిలో చిన్న కెమెరా అమర్చుకున్నాము. మా కోడలు పై అంతస్తులో ఉద్యోగం చేసుకుంటుంది. ఆమె గదికి సంకేతం అందడం లేదని నిరుడు మూడు పెట్టెల మెష్ వ్యవస్థ కొన్నాము. అమర్చిన నాడు ఇల్లంతా సంతోషం. ప్రతి ఫోనులోనూ నిండు గీతలు. మూడో రాత్రి అమ్మగారు మంచం దిగి, కాలు జారి, లేవలేక, పిలిచినా పైకి వినబడక, తెల్లవారేవరకు గోడకానుకొని కూర్చున్నారు. పెద్ద దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. కాని ఆ రాత్రి మా ఫోన్లలో ఒక్కటీ మోగలేదు.

కారణం వెదికితే చాలా చిన్నది. పాత రూటరు తీసివేసినప్పుడు దాని పేరు, సంకేతపదం కూడా పోయాయి. మనుషులం కొత్త పేరు, కొత్త సంకేతపదం ఫోన్లలో నమోదు చేసుకున్నాము. కెమెరా మాత్రం పాత పేరునే వెదుకుతూ ఉండిపోయింది. ఫోనులో దాని యాప్ తెరిస్తే చివరిసారి తీసిన చిత్రమే కనబడేది. అందువల్ల అది పనిచేస్తున్నదనే అనుకున్నాము. పెరటిలోని మోటారు స్టార్టరుదీ అదే గతి. తిరిగి కలుపుదామంటే రెండూ కలవలేదు. పెట్టెలు అమర్చిన వారిని అడిగితే, పాతవి పారవేసి కొత్తవి కొనుక్కోమన్నారు. కొనవలసిన అవసరం లేదని తరువాత తెలిసింది. ఎందుకు లేదో గ్రహించాలంటే ఈ తరంగాల స్వభావం కొంత తెలియాలి.

మన ఇళ్లలోని రూటర్లు సాధారణంగా రెండు పట్టీలలో పలుకుతాయి. పట్టీ అంటే బ్యాండు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. రెండోదానిది అందులో సగం కన్నా తక్కువ. పొడవు తరంగం గోడలను దాటి కొంత దూరం పోగలదు, కాని దానికి ఉన్న చోటు ఇరుకు: 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు మాత్రమే. పొట్టి తరంగానికి చోటు విశాలం, అందువల్ల వేగం ఎక్కువ. కాని అది గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది. గోడ లేని చోట కూడా, ఒకే శక్తితో, ఒకే రకం యాంటెనాతో పంపినప్పుడు అదే దూరంలో 5 గిగాహెర్ట్జ్ సంకేతం స్థూలంగా నాలుగైదు రెట్లు బలహీనంగా చేరుతుంది. కెమెరాలు, మోటారు స్టార్టర్లు, ప్లగ్గులు వంటి చౌక యంత్రాలలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వినబడుతుంది. రెండోది వినే చెవి వాటికి లేదు.

ఈ పట్టీలు ఎవరి సొత్తూ కావు. అమెరికాలో 1985లో లైసెన్సు లేకుండా వీటిలో సమాచారం పంపుకొనే వీలు కల్పించారు. 1997లో వైఫైకి తొలి ప్రమాణం వెలువడింది. మన దేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు నుండి మినహాయించారు. 5 గిగాహెర్ట్జ్‌లో కొంత భాగానికి భవనాల లోపలి వినియోగానికి అదే కాలంలో అనుమతి వచ్చింది. 2018లో దానిని విస్తరించి మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేరకు తెరిచారు. 2025 మే నెలలో 5925 నుండి 6425 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 6 గిగాహెర్ట్జ్ పట్టీ దిగువ భాగానికి, ఇటువంటి మినహాయింపు కల్పించే ముసాయిదా నియమాలను కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. లైసెన్సు అక్కరలేదంటే రుసుము లేదని అర్థం. కాపలా కూడా లేదని అర్థం. ఊరి ఉమ్మడి బావి వంటిదన్నమాట.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మీ ఇంట్లో వైఫై పేరు చివర 5జీ అని కనబడితే అది 5 గిగాహెర్ట్జ్‌కు సంక్షిప్తం మాత్రమే. మొబైలు కంపెనీలు చెప్పే 5జీకి, అనగా అయిదో తరం సేవకు, దీనితో సంబంధం లేదు.

ఇక మన గోడల సంగతి. లాటరైట్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఎర్రరాతి పీఠభూమి మీద మన ఊరు వెలసింది. కోట కట్టినదీ, పాత ఇళ్లు కట్టినదీ ఎక్కువగా ఆ రాతితోనే. ఆ రాయి రంధ్రాలతో నిండి నీటిని పీల్చుకుంటుంది. గోడ మందం పెరిగినకొద్దీ, అందులో తేమ పెరిగినకొద్దీ తరంగం మరింత క్షీణిస్తుంది. వేసవిలో బాగా అందిన సంకేతం వానకాలంలో వెనుక గదికి అందకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. కాంక్రీటులోని ఇనుప చువ్వలు, ఇనుప బీరువాలు, నీళ్ల ట్యాంకులు కూడా అడ్డుపడేవే. కనుక మొదటి నియమం స్థలం ఎన్నిక. పాత ఊరి నడిబొడ్డున చౌబారా చూడండి. నాలుగు దిక్కులూ కనిపెట్టడానికి దానిని ఊరి మధ్యలో, ఎత్తుగా కట్టారు. మనం మాత్రం ఫైబరు తీగ ఎక్కడ గోడలో నుండి దిగితే అక్కడే, ఒక మూల, టీవీ వెనుక రూటరు పెట్టి, ఇల్లంతా అందలేదని నిందిస్తాము. ఒక్క పది మీటర్ల తీగతో దానిని ఇంటి నడుమకు తెస్తే అనేక ఇళ్లలో మెష్ కొనవలసిన పనే ఉండదు.

నడుమకు తెచ్చినా చాలని ఇళ్లకు మెష్ ఉపయోగపడుతుంది. మెష్ అంటే ఒకే పేరుతో పనిచేసే రెండు మూడు పెట్టెల కూటమి. ఒకటి తీగకు కలిసి ఉంటుంది. తక్కినవి దాని మాట అందుకొని ముందుకు చేరవేస్తాయి. దీనికి పోలిక మనకు దగ్గరలోనే ఉంది. బహమనీల కాలం నాటి నౌబాదు సురంగ బావిని మీలో చాలామంది చూసే ఉంటారు. భూమిలోపల నీటిని నడిపించే సొరంగం ఒకటి. దాని పొడవునా పైకి తెరుచుకునే బావులు అనేకం. బావి ఎంత చక్కగా తవ్వినా కింది సొరంగంలో నీరు పారకపోతే అది ఎండుబావే. మెష్‌లోనూ పెట్టెకు పెట్టెకు మధ్య ఉన్న దారే ప్రాణం. ఆ దారి కూడా తరంగమే అయి, ఫోన్లు వాడే పట్టీనే వాడుకుంటే, ప్రతి మాటా గాలిలో రెండుసార్లు పలకవలసి వస్తుంది. అందువల్ల వేగం సుమారు సగమవుతుంది. మధ్యలో రెండు పెట్టెలు ఉంటే మూడుసార్లు పలకాలి. వేగం మూడో వంతుకు దిగుతుంది. అందుకే ఖరీదైన మెష్‌లలో పెట్టెల మధ్య సంభాషణకు ప్రత్యేకంగా మూడో రేడియో ఉంటుంది. అంతకన్నా మేలైన దారి మామూలు నెట్‌వర్కు తీగ. అది వంద మీటర్ల వరకు నిశ్చింతగా పనిచేస్తుంది. గోడ మందంతో దానికి పని లేదు. ఇల్లు కట్టేవారు, మరమ్మతు చేయించేవారు విద్యుత్తు గొట్టానికి కొంత ఎడంగా మరొక ఖాళీ గొట్టం వేయించుకోవాలని నా మనవి.

మెష్ పెట్టెను సంకేతం చచ్చిన గదిలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. తనకే వినబడని మాటను అది ఇతరులకు ఎలా చెప్పగలదు? సంకేతం ఇంకా బలంగా ఉన్న చోట, మొదటి పెట్టెకు, ఆ గదికి నడుమ దానిని ఉంచాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తున్నాను. రెండు పట్టీలకు ఒకే పేరు పెట్టాలా, వేరువేరు పేర్లా? మెష్ అమ్మేవారు ఒకే పేరు చాలంటారు. మనుషుల ఫోన్ల విషయంలో ఆ మాట నిజమే. ఒకే పేరు ఉంటే ఫోను ముందు గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద, పెరటిలో 2.4 మీద తనంతట తాను మారుతుంది. ఎప్పుడు మారాలో రూటరు సూచించగలదు గాని తుది నిర్ణయం ఫోనుదే. ఫోనుకు ఎంచుకోవడానికి రెండు దారులున్నాయి. యంత్రాలకు ఉన్నది ఒక్క దారి. పైగా వాటిని మొదటిసారి కలిపేటప్పుడు ఫోను ద్వారా పేరు, సంకేతపదం అందజేయాలి. కొన్ని యంత్రాలు ఆ సమాచారాన్ని ఫోను పలికే తరంగం నుండే వినాలి. ఫోను 5 మీద పలుకుతుంటే 2.4 చెవి మాత్రమే ఉన్న యంత్రానికి ఆ పలుకు వినబడదు. మా కెమెరా, మోటారు కలవకపోవడానికి కారణం ఇదే. యంత్రాలలో దోషం లేదు. ఫోనులోనూ దోషం లేదు.

కనుక నేను చెప్పదలచిన ప్రధాన సూత్రం ఇది: మనుషులకు రెండు పట్టీలూ కలిసిన ఒక పేరు, యంత్రాలకు 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేసే మరొక పేరు. చాలా మెష్ వ్యవస్థలలో ఇటువంటి రెండో పేరు పెట్టుకునే వీలు ఉంటుంది. కొన్నింటిలో అతిథుల వైఫైని 2.4కు పరిమితం చేసి వాడుకోవచ్చు. అయితే అతిథి మార్గంలో ఉన్న యంత్రాలు ఇంట్లోని ఇతర పరికరాలతో నేరుగా మాట్లాడలేవు. ఇంటర్నెట్టు ద్వారా నడిచే కెమెరాకు అది అడ్డు కాదు గాని ప్రింటరుకు, టీవీకి అడ్డే.

మా ఇంట్లో చేసిన ఉపాయం ఇంకా సులభం. ఆ రెండో పేరుగా పాత రూటరు పేరునే, ఒక్క అక్షరం మార్చకుండా, పాత సంకేతపదంతో సహా పెట్టాము. అయిదు నిమిషాలలో కెమెరా తనంతట తాను పలికింది. మోటారు స్టార్టరు కూడా కలిసింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మెష్ కొనదలచినవారు పాత రూటరు తీసే ముందు దాని పేరు, సంకేతపదం ఒక కాగితం మీద రాసి ఉంచుకోవాలి. రెండో పేరుకు వీలు లేని వ్యవస్థ అయితే, యంత్రాన్ని కలిపే కాసేపు 5 గిగాహెర్ట్జ్‌ను ఆపి, తరువాత తెరవాలి. అదీ వీలుకాకపోతే ఫోను పట్టుకొని పెరటి చివరకు నడవండి. దూరంలో అది 2.4కు దిగుతుంది. మరొక జాగ్రత్త: భద్రతను డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పరిమితం చేస్తే పాత యంత్రాలు కలవకపోవచ్చు, యంత్రాల పేరుకు డబ్ల్యూపీఏ2 ఉంచాలి.

ఇంతవరకు మన ఇంటి గోడల లోపలి సంగతి. తరంగాలు గోడ దగ్గర ఆగవు కనుక పొరుగువారి సంగతి కూడా చెప్పాలి. పాత ఊరి సందులో నిలబడి ఫోనులో వైఫై పేర్ల పట్టిక తెరిస్తే కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు ఇళ్ల పేర్లు ఇరవై ముప్పై కనబడడం విశేషం కాదు. అవన్నీ ఆ ఇరుకు పట్టీలోనే పలుకుతున్నాయి. 2.4 పట్టీలో 13 ఛానెళ్లు ఉన్నట్లు రూటరు చూపుతుంది గాని, ఒకదానిపై మరొకటి పడకుండా నిలిచేవి సాధారణంగా మూడే: 1, 6, 11. ఒకే ఛానెలులో ఉన్న రెండు రూటర్లు ఒకరి తరువాత ఒకరు మాట్లాడే మర్యాద పాటిస్తాయి. 1కి 6కి నడుమ 3వ ఛానెలు ఎంచుకున్న రూటరు మాత్రం రెండు వైపులా గోలగా వినబడుతుంది. దాని మాటా తెగదు, ఇతరుల మాటా తెగదు. కాబట్టి ఖాళీగా కనబడిందని 3, 4, 8, 9 ఎంచుకోకండి. ఆ మూడింటిలో మీ సందులో తక్కువ రద్దీ ఉన్నది ఎంచుకోండి. ఛానెలు వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే మీకు కొద్ది లాభం కలగవచ్చు గాని, ఆ పట్టీలో సగం మీరొక్కరే ఆక్రమించినట్లవుతుంది. ఉమ్మడి బావి దగ్గర రెండు చేదలు వేసినవాడిని మన పెద్దలు ఏమనేవారో నేను చెప్పనక్కరలేదు. కదలని టీవీకి, కంప్యూటరుకు తీగ వేస్తే ఆ మేరకు గాలి అందరికీ తేలికవుతుంది. మైక్రోవేవ్ పొయ్యి సుమారు 2450 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. రూటరును వంటింటికి దూరంగా ఉంచడం మేలు.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలం గనుక 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడుకోవచ్చు. అయితే అందులో మధ్య భాగపు ఛానెళ్లను రాడార్లు కూడా వాడుతాయి. రాడారు సంకేతం వినబడితే, ఆ సౌకర్యం ఉన్న రూటరు వెంటనే ఛానెలు వదిలిపోతుంది. అటువంటి మరొక ఛానెలులో చేరే ముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వింటుంది. మనది వైమానిక స్థావరం ఉన్న ఊరు. పని మధ్యలో 5 గిగాహెర్ట్జ్ ఒక నిమిషం మాయమై తిరిగి వస్తుంటే, సేవాదారును నిందించే ముందు 36 నుండి 48 వరకు గల ఛానెళ్లకు మార్చి చూడండి.

కొనేముందు దుకాణంలో అడగవలసిన ప్రశ్నలు మూడు. 2.4 గిగాహెర్ట్జ్‌కు మాత్రమే వేరే పేరు పెట్టుకోవచ్చునా? పెట్టెలను తీగతో కలపవచ్చునా? పెట్టెల మధ్య సంభాషణకు ప్రత్యేక రేడియో ఉన్నదా? మొదటి రెండింటికి అవునన్న జవాబు రాకపోతే మరొకటి చూడండి. ఇంటికి తెచ్చిన తరువాత కెమెరాకు వచ్చిన సంకేతపదం మార్చండి. యంత్రాల పేరు అతిథులకు చెప్పకండి.

చివరిగా ఒక్క మాట. ఫోనులో నిండు గీతలు కనబడినంత మాత్రాన ఇంటి వైఫై బాగున్నదని అనుకోరాదు. ఫోనుకు కోపం వస్తే మనం చూస్తాము. మూలనున్న యంత్రం అలిగితే ఎవరికీ తెలియదు. రూటరు మార్చిన రోజున, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి, నెలకొకసారి తప్పకుండా, ప్రతి యంత్రాన్నీ స్వయంగా పలికించి చూడాలి. కెమెరా ముందు చేయి ఊపి ఫోను మోగిందో లేదో చూడడానికి ఒక నిమిషం చాలు. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు అమ్మగారే చేస్తున్నారు. రాత్రి పడుకునే ముందు కెమెరా వైపు చేయి ఊపుతారు. పై అంతస్తులో ఫోను మోగుతుంది; కోడలు మెట్ల మీద నుండి బదులు పలుకుతుంది. ఆ బదులు విన్నాకే ఆమె దీపం ఆర్పుతారు.

మీ ఇళ్లలోనూ అటువంటి పెద్దలు ఉంటారు. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే ఒకసారి చూసుకోండి.